గంటస్తంభమా, మూడు లాంతర్లా, కోటా? విజయనగరం నడిబొడ్డు ఏదో తేల్చండి

అయ్యకోనేరు గట్టు
పండక్కి ఊరొచ్చాను. గంటస్తంభం కింద నిలబడి తలెత్తితే గంటస్తంభం కనబడటం లేదు. నాలుగు పక్కలా పుట్టినరోజు ఫ్లెక్సీలు, వాటి మీదుగా కేబుల్ వైర్లు, కింద బళ్ళు, మధ్యలో ఎటూ కదలని ఆటోలు. ఇది మన ఊరి సెంటరని బయటివాళ్ళకి చూపించాలంటే మొహమాటంగా ఉంది. ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టారు, అంతకుముందు ఇక్కడ ఏముండేది అని అడిగితే "రాజులు కట్టారు" అని తప్ప ఇంకో ముక్క చెప్పేవాళ్ళు దొరకలేదు. చుట్టుపక్కల పాత మేడల గురించీ అంతే. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి. అసలు మన ఊరికి సెంటర్ అంటే ఇదేనా?

లంకవీధి శీను
ఫ్లెక్సీ లేని గంటస్తంభం కావాలంటే తెల్లారుజామున మూడింటికి వెళ్ళాలి బాబూ. అప్పుడు కూడా ఎవరో ఒకరు కొత్తది కడుతూ కనిపిస్తారు.

పాత కాగితాలు
1885లో కట్టారు. ఎత్తు 68 అడుగులు, ఎనిమిది పలకలు, రాతి కట్టడం. మొదట్లో రాయి రంగు రాయికే ఉండేది, ఇప్పుడున్న తెలుపూ ఎరుపూ తర్వాత వేసినవే. అప్పటి రాజు ఆనంద గజపతి (1879 నుంచి 1897 వరకు). మాక్స్ ముల్లర్ ఋగ్వేదం రెండో ముద్రణకి డబ్బిచ్చింది కూడా ఆయనే. ఊరికి గడియారం, జర్మన్ పండితుడికి వేదం అచ్చు ఖర్చు, రెండూ ఒకే ఖజానా నుంచి.

ఆ సంవత్సరం ఎందుకు ముఖ్యమంటే, అంతకు కొద్దికాలం ముందే ఊరి రోజువారీ పని తీరు మారింది. 1857లో బడిగా మొదలైన ఎం.ఆర్. (మహారాజా) కాలేజీ 1879కి కాలేజీ స్థాయికి వచ్చింది. 1860 నుంచి సంస్కృత కళాశాల ఉంది. పిల్లలు, పంతుళ్ళు, దివాణంలో గుమస్తాలు, అందరూ ఫలానా గంటకి ఫలానా చోట ఉండాల్సిన మనుషులయ్యారు. చేతి గడియారం కొనగలిగినవాళ్ళు ఎంతమంది? కాబట్టి నలుగురూ తిరిగే బజారు మధ్యలో ఒకటి కట్టారని నా లెక్క. అంటే సెంటర్ అక్కడ ఉంది కాబట్టే స్తంభం కట్టారు. స్తంభం కట్టాక సెంటర్ పుట్టలేదు.

బాలాజీ జంక్షన్ బాచి
రైళ్ళ టైము తెలియడానికి కట్టారని మా మావయ్య చెప్పేవాడు.

పాత కాగితాలు
మీ మావయ్యగారికి నమస్కారం గానీ, మన వైపు ఈస్ట్ కోస్ట్ లైను పడింది 1890లలో. స్తంభం అప్పటికే ఉంది. రాని రైలు కోసం టైము చూసే అలవాటు మనకి తర్వాత వచ్చింది.

లంకవీధి శీను
లండన్ బిగ్ బెన్‌ని చూసి అచ్చు అలాగే కట్టారంట కదా? ఏ యూట్యూబ్ వీడియో చూసినా అదే చెప్తున్నారు.

సున్నం గచ్చు
నేను కట్టడాల పనిలో ఉన్నవాణ్ణి. లండన్‌ది చదరపు బురుజు, ఎత్తు మూడువందల అడుగుల పైనే. మనది అష్టభుజి, 68 అడుగులు. రెండింటికీ పోలిక గడియారం ఒక్కటే. లండన్ గడియారం నడవడం మొదలైంది 1859లో. ఆ తర్వాత పాతికేళ్ళలో మన దేశంలో చాలా ఊళ్ళలో గడియారపు స్తంభాలు లేచాయి, అది ఆ కాలపు మోజు. దాన్ని చూసి ముచ్చటపడ్డారంటే సరే, నకలు కొట్టారంటే మాత్రం ఒప్పుకోను. ఎనిమిది పలకలు పెట్టడంలో ఒక తెలివి ఉంది. నాలుగు రోడ్ల మీద వచ్చేవాడికి ఒక మొహం ఎదురుగా కనిపిస్తుంది, పక్క సందుల్లోంచి వచ్చేవాడికీ వెనక గోడ కనబడదు. ఈ బురుజుకి వెనక లేదు.

అయ్యకోనేరు గట్టు
ఇన్నేళ్ళలో వెనక లేదన్న సంగతి నాకు తట్టనేలేదు. సరే, రంగు సంగతి చెప్పండి. రాతికి పెయింటు వేయడం మంచిదేనా?

సున్నం గచ్చు
మంచిది కాదు. పాత రాయి, సున్నపు దట్టింపు లోపలికి చేరిన తేమని మెల్లగా బయటికి వదులుతుంటాయి. పైన ప్లాస్టిక్ లాంటి పెయింటు వేస్తే తేమ లోపలే ఉండిపోయి, రాయి పొరలుగా ఊడుతుంది. సున్నం వెల్ల అయితే ఆ బాధ లేదు. ఈ మాట ఏ మీటింగులో చెప్పినా "సార్, కలర్‌ఫుల్‌గా ఉండాలి" అంటారు.

కోట కందకం
మీరంతా బజారు దగ్గరే ఆగిపోయారు. ఊరు పుట్టింది కోట దగ్గర. గంటస్తంభానికి 172 ఏళ్ళ ముందు, 1713లో మన రాజులు పూసపాటివారు కుమిలి నుంచి ఇక్కడికి వచ్చి కోటకి శంకుస్థాపన చేశారు. చదరపు కోట, నాలుగు మూలలా బురుజులు, చుట్టూ కందకం, సుమారు 26 ఎకరాలు. తూర్పు వైపు సింహద్వారం మీద నగారాఖానా. రాజుగారి శాసనాలు, పండగల కబుర్లు ఆ నగారా మోగించే చెప్పేవారు. ఊరంతటికీ వినబడే మోత అక్కడి నుంచి వచ్చినప్పుడు సెంటర్ అదే కదా? మీ గంట తర్వాత వచ్చిన గంట.

ఎత్తుబ్రిడ్జి కింద
1712 అని కొన్ని పుస్తకాల్లో ఉంది.

కోట కందకం
ఉంది. కానీ కోటకి అయిదు విజయాల కథ చెప్తారు కదా: పేరులో విజయం, విజయదశమి రోజు, జయవారం అనే మంగళవారం, విజయ నామ సంవత్సరం, ఇలా. ఆ విజయ నామ సంవత్సరమే పట్టుకోండి. మొన్న విజయ వచ్చింది 2013 ఉగాదికి. అరవయ్యేళ్ళకోసారి వస్తుంది. అయిదు చుట్లు వెనక్కి వెళ్తే మూడు వందల ఏళ్ళు, సరిగ్గా 1713. కథ నిజమైతే 1713 కావాలి. 1712 కావాలంటే ఒక విజయం వదులుకోవాలి.

ఎత్తుబ్రిడ్జి కింద
కథ నిజమైతే అన్నారు చూడండి, అక్కడ ఆగాను నేను.

బాలాజీ జంక్షన్ బాచి
అంటే 2013లో కోటకి మూడు వందల ఏళ్ళు నిండాయన్నమాట! ఆ ఏడు దసరా ముందు ఊళ్ళో ఏం జరిగిందో గుర్తుందా? రాష్ట్ర విభజన గొడవలకి కర్ఫ్యూ!! విజయ నామ సంవత్సరానికి మనం చేసిన ఘనమైన ఉత్సవం.

ఉల్లివీధి అబ్బాయి
ఆ కర్ఫ్యూలోనే గంటస్తంభం చుట్టూ నేల చూశాను నేను. మా మేడ మీంచి చూస్తే ఒక్క బండి లేదు, ఒక్క మనిషి లేడు. అంత వెడల్పు రోడ్డు అక్కడ ఉందని అప్పటిదాకా తెలీదు. తర్వాత లాక్‌డౌన్‌లో మళ్ళీ చూశాను. రెండుసార్లూ మా నాన్న ఒకటే మాట, "ఈ ఖాళీ నాకొద్దురా, బేరం లేదు".

చదురుగుడి వీధి
ఇక్కడ మూడు లాంతర్ల కూడలి పేరెత్తేవాళ్ళే లేరా? కోట రాజులది, గంటస్తంభం షాపులవాళ్ళది. ఊరు జనానిదైతే సెంటర్ మూడు లాంతర్లే. పైడితల్లి అమ్మవారి చదురుగుడి ఉన్నది అక్కడ. ఆమె రెండో గుడి, వనంగుడి, రైల్వేస్టేషన్ వైపు ఉంది, అమ్మవారు ఏటా అక్కడికీ ఇక్కడికీ మారుతుంటుంది. అమ్మవారి జాతరలో ఊరేగే సిరిమాను బయల్దేరేది చదురుగుడి నుంచే.

ఊరు వదిలి చాలాకాలమైనవాళ్ళ కోసం రాస్తున్నాను. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం. విజయరామరాజు బొబ్బిలి గెలిచినా తర్వాత డేరాలో తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాడు. ఆయన చెల్లెలు పైడిమాంబ ఆ కబురు విని పెద్ద చెరువులో కలిసిపోయిందని, పతివాడ అప్పలనాయుడికి కలలో కనిపించి తన విగ్రహం చెరువు పడమటి గట్టున ఉందని చెప్పిందని కథ. నేటికీ పూజారులు ఆ వంశంవారే. దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను. ముందురోజు తొలేళ్ళు అనే ఉత్సవం. చింతమాను ఎక్కడుందో పూజారికి కలలో కనబడుతుంది, తెచ్చి చెక్కి, చివర ఆసనం కట్టి, పూజారిని అంత ఎత్తున కూర్చోబెట్టి గుడి నుంచి కోటకి మూడుసార్లు తిప్పుతారు. ముందు తెల్ల ఏనుగు, పాలధార, బెస్తవారి వల, అంజలి రథం. కోట బురుజు మీంచి రాజవంశీకులు చూస్తారు.

లక్షల జనం ఆ ఒక్క రోడ్డు మీద నిలబడతారు. గంటస్తంభం వైపు సిరిమాను తిరగదు. ఇంకేం కావాలి మీకు?

ఉల్లివీధి అబ్బాయి
సిరిమాను తిరగకపోయినా అరటిపళ్ళు మా వైపు కొట్లలోనే కొంటారు కదండీ.

చదురుగుడి వీధి
కొని సిరిమాను మీద విసిరేది మా వైపు.

లంకవీధి శీను
ఒకసారి ఆ అరటిపండు నా నెత్తి మీద పడింది. ప్రసాదం అనుకుని తినేశాను.

పాత కాగితాలు
చదురుగుడి వీధి గారు చెప్పినదాంట్లో నాకు ఆసక్తిగా ఉన్న సంగతి వేరు. గుడి ఒక చివర, కోట ఒక చివర. మధ్య దూరం పట్టుమని కిలోమీటరు లేదు. గుడి జనానిది, కోట రాజులది, సిరిమాను ఆ రెంటి మధ్యా మూడుసార్లు తిరుగుతుంది. మిగతా ఊళ్ళలో నాలుగు రోడ్లు కలిసే చోట సెంటర్ ఏర్పడింది. మన ఊళ్ళో ఆ దారంతా కలిపి సెంటరేమో అనిపిస్తుంది. గంటస్తంభం ఆ దారికి పక్కన లేచింది, ఎందుకంటే అది మూడో వర్గానిది, అంటే కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ. గజపతినగరం, గంట్యాడ, చీపురుపల్లి, సాలూరు వైపు నుంచి పెళ్ళిబట్టలకీ బంగారానికీ వచ్చే జనం ఇప్పటికీ దిగేది అక్కడే.

కోట కందకం
పంచాయితీ బాగా తెంపారు, మూడు పక్షాలకీ మార్కులు వేశారు. నేను మాత్రం మార్చుకోను. కోట లేకపోతే ఆ దారీ లేదు.

దాసన్నపేట పిల్ల
మూడు లాంతర్లు అంటున్నారు కదా, పాత స్తంభం ఏమైంది? మా చిన్నప్పటిది ఇది కాదే.

చదురుగుడి వీధి
2020 మే నెలలో పాతది తీసేశారు. లాక్‌డౌన్ కదా, జనం చూసేసరికి కూల్చేయడం అయిపోయింది. పైన మూడు సింహాల చిహ్నం ఉండేది, దాన్ని కూడా తీసేశారని రాష్ట్రమంతా గొడవ అయింది. పెద్దవాళ్ళు ట్వీట్లు వేసుకున్నారు. అభివృద్ధి కోసం అన్నారు, తర్వాత కొత్తది కట్టారు. కొత్తదానికి లాంతర్లు ఉన్నాయి, బాగానే వెలుగుతున్నాయి. కానీ పాతది రాజుల కాలంనాటిది. కిరసనాయిలు దీపం పెట్టి, రాత్రి బజారు దాటేవాడికి దారి చూపించిన స్తంభం అది.

ఎత్తుబ్రిడ్జి కింద
ఇక్కడే నాకు అభ్యంతరం. సింహాల చిహ్నాన్ని దేశం తీసుకున్నది 1950లో. అంటే రాజుల కాలం స్తంభం మీద తర్వాత ఎవరో అది చేర్చారు. "యథాతథంగా ఉంచాలి" అని ఇప్పుడు అరిచేవాళ్ళు, ఏ యథాతథం అడుగుతున్నారు? ముందుదా, చేర్చిన తర్వాతదా?

సున్నం గచ్చు
రెండూ. పాతకట్టడం అంటే ఒక్క రోజు ఫోటో కాదు. రాజులు లాంతరు పెట్టారు, స్వాతంత్య్రం వచ్చాక జనం సింహాలు పెట్టుకున్నారు, ఆ రెండూ కలిపి ఆ స్తంభం చరిత్ర. రెండో పొర కొత్తది కదా అని ఊడబీకితే మొదటి పొర కూడా దాంతోపాటు పోతుంది, పోయింది కూడా. కూల్చడానికి ముందు కొలతలు తీసి, రాళ్ళకి నంబర్లు వేసి ఉంటే మళ్ళీ అవే రాళ్ళతో పేర్చొచ్చు. ఇది పెద్ద ఖర్చు పని కాదు, కాస్త ఓపిక ఉంటే అయ్యే పని.

బాలాజీ జంక్షన్ బాచి
రాజకీయం వద్దు ఇక్కడ. ఇంకో అరగంటలో ఈ టాపిక్‌కి తాళం పడుతుంది.

బొంకులదిబ్బ వాసి
నా పేరు చూసి మీకే గుర్తు రావాలి. కోట పక్కనే ఉన్న బొంకులదిబ్బని ఒక్కరూ తలవలేదు. తెలుగు నాటకాల్లో కన్యాశుల్కాన్ని మించినది లేదంటారు కదా, దాని మొదటి రంగం తెర లేచేది అక్కడే! 1892 ఆగస్టు 13న ఆ నాటకాన్ని మొదటిసారి ఆడింది కూడా విజయనగరంలోనే. తెర లేవగానే కనిపించే చోటు తమ ఊరి బజారే అయితే చూస్తున్నవాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. గిరీశాన్ని గుర్తుపట్టినవాళ్ళు ఆ సభలోనే ఒకరిద్దరు ఉండి ఉంటారు.

గురజాడవారి ఇల్లు కోటకి దగ్గర్లోనే. ఆయన చదివింది, పాఠం చెప్పింది ఎం.ఆర్. కాలేజీలో. గంటస్తంభం లేచినప్పుడు ఆయనకి ఇరవై మూడేళ్ళు. ఇవన్నీ నడిచి చూడగలిగినంత దగ్గర్లో ఉన్నాయి. ఇంకో ఊరైతే టిక్కెట్టు పెట్టి నడిపించేవారు.

లంకవీధి శీను
గిరీశాన్ని గుర్తుపట్టడానికి 1892కి వెళ్ళాలా? ఇప్పుడు మా వీధిలో ఇద్దరున్నారు.

పూల్‌బాగ్ వీణ
సంగీత కళాశాల మాట కూడా కలపండి. 1919లో పెట్టారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఘంటసాల చదివింది అక్కడే, సుశీల చదివింది అక్కడే. ఘంటసాల మొదట్లో ఈ వీధుల్లోనే మధూకరం ఎత్తుకుని తిన్నాడు. అప్పట్లో ఏ ఇంటివాళ్ళు అన్నం పెట్టారో ఇప్పుడు లెక్క చూస్తే ఊళ్ళో సగం మంది "మా ఇంట్లోనే" అంటారు.

ఎత్తుబ్రిడ్జి కింద
మా ఇంట్లోనే.

మార్బుల్ ఆర్చ్ తెలుగోడు
లండన్ నుంచి. బిగ్ బెన్ మనకి వచ్చిందో లేదో గానీ, మన ఊరి నుంచి లండన్‌కి ఒకటి వెళ్ళింది. హైడ్ పార్కులో మార్బుల్ ఆర్చ్ దగ్గర విజయనగరం మహారాజు 1860లలో ఒక మంచినీళ్ళ ఫౌంటెన్ కట్టించాడు. దారినపోయేవాళ్ళు, పశువులు నీళ్ళు తాగడానికి ఊరంతా తొట్లూ కుళాయిలూ పెట్టించే సంఘం ఒకటి అక్కడ ఉండేది, దాని ద్వారా. 1964లో ఫౌంటెన్ తీసేశారు. నేల మీద ఒక పలక మాత్రం మిగిలింది, విజయనగరం పేరు దాని మీద ఉంది. ఆఫీసుకి వెళ్ళే దారిలో ఆ పేరు చదివి ఆగిపోయాను, పక్కనున్న తెల్లవాడికి "మా ఊరు" అని చూపించాను. పాపం మర్యాదగా తలూపి వెళ్ళిపోయాడు.

పాత కాగితాలు
అది ఆనంద గజపతి తండ్రి మూడో విజయరామ గజపతి కాలం. కోటలో మోతీమహల్ కట్టించింది కూడా ఆయనే, 1869లో, దర్బారు కోసం. 1979లో ఆ వంశంలోని పి.వి.జి. రాజుగారు దాన్ని మహిళా కళాశాలకి ఇచ్చారు. అంతకు ముందే 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటని చదువులకి అప్పగించారు. కోట ఇంకా నిలబడి ఉండటానికి కారణం అదే. వాడుతున్నారు కాబట్టి కప్పు కారితే ఎవరో ఒకరు చూస్తారు.

దాసన్నపేట పిల్ల
నేను మోతీమహల్ పక్కనే డిగ్రీ చదివాను. మేం ఎవ్వరం అది దర్బారు అనుకోలేదు. పరీక్షల ముందు నీడకి కూర్చునే మెట్లు మాకు అవి.

ఉల్లివీధి అబ్బాయి
అందరూ చరిత్ర చెప్పారు, ఇప్పుడు బేరం మాట చెప్తాను. గంటస్తంభం చుట్టూ బళ్ళు తీసేయాలని ప్రతి రెండేళ్ళకీ ఒక స్కీము వస్తుంది. తీసేస్తారు, నెల తర్వాత మళ్ళీ వస్తాయి. ఎందుకు రావు? పువ్వులు, గాజులు, నిమ్మకాయలు కొనేవాళ్ళు మాల్‌కి వెళ్ళరు. మా కొట్టు ముందు గాజుల బండి ఉండబట్టే మా కొట్లోకి బేరం వస్తుంది. చుట్టూ ఖాళీ చేసి గొలుసులు కట్టి లైట్లు పెడితే చూడ్డానికి బాగుంటుంది, తర్వాత సాయంత్రం ఆరు దాటితే అక్కడ ఎవరు ఉంటారు? తీయాల్సింది బళ్ళని కాదు, ఫ్లెక్సీలనీ కార్లనీ.

అయ్యకోనేరు గట్టు
ఫ్లెక్సీల గురించి ఒప్పుకుంటాను. బళ్ళ గురించి ఒప్పుకోను. మీ మేడ కింద పాత వసారా స్తంభాలు ఉండేవి కదా, వాటిని షట్టర్లు మింగేశాయి. బండి కదులుతుంది, షట్టర్ కదలదు. ఆ లెక్కన చూస్తే బళ్ళకంటే కొట్లవల్లే ఎక్కువ పోయింది.

ఉల్లివీధి అబ్బాయి
అది తాతగారు చనిపోయాక పంపకాల్లో జరిగింది. ఒక ఇల్లు నలుగురికి పంచితే వసారా ఎవరికి ఇస్తారు చెప్పండి? ఈ బజారులో పాత మేడలన్నిటి కథా ఇదే. దేవుడు తీయలేదు, ప్రభుత్వం తీయలేదు, అన్నదమ్ములు తీశారు.

సున్నం గచ్చు
ఈ ముక్క ఒక్కటీ ఎవరైనా పరిశోధన చేయాలి. కోటకి ట్రస్టు ఉంది, గుడికి దేవాదాయ శాఖ ఉంది. మధ్యలో ఉన్న బజారు మేడలకి ఎవరూ లేరు. ముందు ఉన్నవాటికి ఫోటోలైనా తీసి పెట్టుకుందాం. మేడ పై అంతస్తు చూడండి, కింద ఎంత మారినా పైన చెక్క కటకటాలు, గచ్చు పువ్వులు కొన్ని చోట్ల ఇంకా ఉన్నాయి.

పాత కాగితాలు
ఇళ్ళలో పెళ్ళి ఊరేగింపుల ఫోటోలుంటాయి, వాటిల్లో వెనక బజారు పడి ఉంటుంది. పెళ్ళికొడుకుని కాదు, వెనకాల మేడలని చూడండి. ఉన్నవాళ్ళు ఇక్కడే పెట్టండి, ఏ వీధో, సుమారు ఏ సంవత్సరమో రాస్తే చాలు.

లంకవీధి శీను
మా బాబాయి పెళ్ళి ఫోటో ఉంది. వెనకాల గంటస్తంభం ఉంది గానీ ముందు బ్యాండువాడి బాకా అడ్డం వచ్చింది. ఫ్లెక్సీలు లేని కాలంలో కూడా ఏదో ఒకటి అడ్డం ఉండేది.

కోట కందకం
పెట్టు శీనూ. గడియారంలో టైము కనబడుతోందా?

లంకవీధి శీను
పదీ పది. ముహూర్తం తొమ్మిదిన్నరకి అని శుభలేఖలో ఉంది.